పథ్యం పేరుతో పస్తులుండకండి!

ఒకవైపు ఉప్పుటేరు, మరోవైపు కొల్లేరు. మా ఆకివీడులో చేపల కూర వండని ఇల్లు తక్కువ. అలాంటి ఊళ్లో ఉంటూ ఏడాదిన్నర పాటు చేప ముక్క నోట పెట్టలేదు నేను. ఎందుకో చెబుతాను. నాలాంటి వాళ్లు ఇంకెందరున్నారో!

మొదట విరేచనాలు. రోజుకు ఏడెనిమిదిసార్లు. తర్వాత జిగురు, రక్తం. ఆడవాళ్లం కదా, ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటాం? మొలలేమో అనుకుని ఊరుకున్నాను. 'వేడి చేసిందమ్మా' అని మా అత్తయ్యగారు మజ్జిగన్నం పెట్టేవారు. పక్కింటి పిన్నిగారు చేపలు మానమన్నారు. ఒకరు పాలు వద్దన్నారు, ఇంకొకరు కందిపప్పు, మరొకరు వంకాయ. అందరి మాటా విన్నాను. చివరికి కంచంలో చారన్నం మిగిలింది. 'సన్నబడ్డావే' అని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు! మేడమెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.

ఏలూరులో డాక్టరుగారు కొలనోస్కోపీ చేసి 'అల్సరేటివ్ కొలైటిస్' అన్నారు. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే పేగు మీద తిరగబడుతుందట. క్రోన్స్ వ్యాధి కూడా ఈ కోవలోదే. రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు.

"ఏం తిని తెచ్చుకున్నానండీ?" అని ఏడ్చాను.

"ఏదో ఒక్కటి తింటే వచ్చేది కాదమ్మా. రక్తం పోవడం ఒక ఎత్తు, మీరు తిండి మానేయడం ఇంకో ఎత్తు. రెండూ కలిసి మిమ్మల్ని ఇలా చేశాయి" అన్నారాయన.

తిండి పాత్ర ఎంత?

అసలు లేదని కాదు. మన దేశంతో సహా 21 దేశాల్లో 1.16 లక్షల మందిని గమనించిన అధ్యయనం 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. శీతల పానీయాలు, ప్యాకెట్ చిరుతిళ్లు, నిల్వ మాంసం లాంటి ఫ్యాక్టరీ తిండి ఎక్కువగా తినేవాళ్లలో ఐబీడీ ఎక్కువగా కనిపించింది. పాలు, పప్పులు, కూరగాయలు, మామూలు మాంసంతో అలాంటి సంబంధం కనబడలేదు. మనమేమో పప్పు మానేసి, పిల్లల చేతికి చిప్స్ ప్యాకెట్లిస్తాం!

క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు కేవలం పోషక ద్రవాలే ఇచ్చి వాపు తగ్గిస్తారు. అది డాక్టరు పర్యవేక్షణలో చేసే చికిత్స. మన సొంత ఉపవాసాలకూ దానికీ పోలిక లేదు.

నా వంటింట్లో...

జబ్బు తిరగబెట్టిన రోజుల్లో మెత్తని అన్నం, ఇడ్లీ, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ, గుడ్డు తింటాను. పచ్చికూరలు, ఆవకాయ, వేపుళ్లు అప్పుడు పక్కన పెడతాను. నెమ్మదించాక ఒక్కొక్కటీ మళ్లీ మొదలు. పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో ఏ రోజు ఏం తిన్నానో, పొట్ట ఎలా ఉందో రాశాను. పప్పు పడింది. పాలు తాగితే ఉబ్బరం, పెరుగుతో ఇబ్బంది లేదు. అయితే నాకు పడింది మీకు పడాలని లేదు. క్రోన్స్ వల్ల పేగు సన్నబడినవాళ్లు పీచు ఎంత తినాలో డాక్టరును అడగాలి.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. బాగున్నాను కదా అని ఓసారి మాత్రలు ఆపేశాను. నెల తిరక్కుండా మళ్లీ రక్తం. మంచి తిండి మందుకు తోడే, బదులు కాదు.

మలంలో రక్తం కనిపించినా, విరేచనాలు వారాల తరబడి తగ్గకపోయినా, అర్ధరాత్రి లేచి పరుగెత్తాల్సి వస్తున్నా సిగ్గుపడి దాచుకోకండి. నేను దాచుకున్న నెలలన్నీ నష్టమే.

మొన్న ఆదివారం అత్తయ్యగారే కొర్రమీను పులుసు పెట్టారు. "కారం తగ్గించానమ్మా, తిను" అన్నారు. రెండు ముక్కలు తిన్నాను. పుస్తకంలో రాసుకున్నాను: 'పడింది'.