కొద్ది ఖర్చుతో దోమలు చొరని వసారా

మన తెలుగునాట ఇంటికి వసారా అలంకారము కొరకు ఏర్పడినది కాదు. ఎండను గోడలపై పడనీయకుండుటకును, వానజల్లును గుమ్మము దాటనీయకుండుటకును, సాయంకాలము నలుగురు కూర్చుండుటకును, వేసవి రాత్రులందు మంచము వేసికొని పరుండుటకును అది ఏర్పడినది. అట్టి వసారా నేడు అనేక గృహములలో ప్రొద్దు గ్రుంకగానే నిరుపయోగమగుచున్నది. కారణము దోమ. దీపములు పెట్టువేళకు తలుపులు బిగించుకొని ఉక్కలో కూర్చుండవలెను. లేదా గాలికి ఆశపడి దోమకాటునకు లోబడవలెను. ఇంట పసిబిడ్డయో, ముసలివారో ఉన్నచో ఈ చిక్కు మరింత కష్టతరము. ఈ రెంటిని తప్పించు మార్గము ఉన్న వసారాకే జాలీ కట్టించుట. దానిని మితవ్యయముతో నెరవేర్చు విధమును ఇచ్చట వివరింపదలచితిమి.

జాలీ వలన రోగము నిజముగా ఆగునా యని సందేహింప నక్కరలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిములను కనుగొనెను. అటుపిమ్మట 1900లో సాంబన్, లో అను ఇరువురు వైద్యులు ఇటలీలో మలేరియాకు పేరుపడిన ఆస్టియా ప్రాంతమున జాలీలు బిగించిన కొయ్య ఇంటిలో కొన్ని నెలలు నివసించిరి. పగలు స్వేచ్ఛగా తిరిగిరి. ప్రొద్దు గ్రుంకకమునుపే లోనికి వచ్చి తెల్లవారువరకు వెలుపలికి పోలేదు. క్వినైను పుచ్చుకొనలేదు. అయినను వారికి మలేరియా సోకలేదు. వారిని కాపాడినది మందు కాదు, జాలీయే.

కిటికీలకు జాలీ ఉన్నది గదా, వసారాకు ఎందుకని కొందరు అడుగవచ్చును. జాలీ దోమతోపాటు గాలిని సైతము కొంత అడ్డగించును. చిన్న కిటికీకి జాలీ వేసినచో లోనికి వచ్చు కొద్దిగాలియు సన్నగిల్లును. వసారాకు మూడు ప్రక్కల జాలీ వేసినచో గాలి చొరబడు వైశాల్యము అనేక రెట్లు హెచ్చును. ఒక ప్రక్క వచ్చిన గాలి మరియొక ప్రక్క పోవుటకు దారి ఉండును. కావున ఉక్కపోయదు.

ఇక జాలీ ఎన్నిక. అంగుళమునకు ఒకవైపు 18, రెండవవైపు 16 కన్నులు గల జాలీ దోమలకు చాలును. అంతకంటె సన్ననిది కొన్నచో ఖర్చు హెచ్చును, గాలి తగ్గును. దుకాణములో కొలబద్దను జాలీపై ఆనించి, ఒక అంగుళములో ఎన్ని కన్నులున్నవో లెక్కించి కొనుట మంచిది. సాదా నైలాను అన్నిటికంటె చవక. కాని ఎండకు త్వరలో పెళుసుబారును. ఇనుప జాలీ సముద్రతీరపు ఉప్పుగాలికి త్రుప్పుపట్టును. తుప్పుపట్టని ఉక్కు జాలీ చిరకాలము మన్నును, వెల ఎక్కువ. సామాన్య గృహస్థునకు ఫైబర్ గ్లాస్ జాలీ మధ్యేమార్గము. ఎలుకలును, పిల్లులును దానిని చింపగలవు గావున క్రింద రెండున్నర అడుగుల ఎత్తు పిట్టగోడ ఉండుట మేలు. పిట్టగోడ వలన జాలీ ఖర్చుకూడ తగ్గును.

ఒక లెక్క చూతము. వసారా పొడవు 12 అడుగులు, వెడల్పు 6 అడుగులు, దూలము వరకు ఎత్తు 8 అడుగులు అనుకొందము. ఇంటి గోడ పోగా మిగిలిన మూడు ప్రక్కలు కలిసి 24 అడుగులు. జాలీ 3 అడుగుల వెడల్పు చుట్టగా దొరకును గనుక, గుంజలను నడిమినుండి నడిమికి 3 అడుగుల దూరమున నిలిపినచో 8 అరలు ఏర్పడును. ఒక అర తలుపునకు పోగా మిగిలిన 7 అరలకు, ఒక్కొక్కదానికి ఐదున్నర అడుగుల చొప్పున, 38½ అడుగుల జాలీ కావలెను. తలుపునకును దాని పైభాగమునకును 8 అడుగులు. అంచుల మడతలు చేర్చుకొన్నను 50 అడుగుల చుట్ట సరిపోవును. గుంజలు ముందు పాతి, తరువాత జాలీ కొనువారికి ప్రతి అరలోను కత్తిరింపుల వ్యర్థము తప్పదు. చుట్ట వెడల్పును బట్టి గుంజలు నిలుపవలెనే గాని, గుంజలను బట్టి చుట్టను వెదకరాదు.

గుంజలకు కొత్త టేకు అవసరము లేదు. కోస్తా జిల్లాలలో సరుగుడు గుంజలు సులభముగా దొరకును. పాత ఇండ్లు విప్పినప్పుడు వచ్చు కలపయు పనికివచ్చును. వానిని నేలలో పాతక పిట్టగోడపై నిలిపినచో చెద భయము తగ్గును. జాలీని మొదట పైఅంచున బిగించి, క్రిందికి లాగి, పిదప ప్రక్కల బిగింపవలెను. అంచులపై సన్నని చెక్కబద్దలు పరచి, మేకులకు బదులు మరచీలలతో బిగించినచో, చిరిగిన అరను మాత్రమే విప్పి మార్చుకొనవచ్చును.

ఇంతవరకు సులభమే. పని చెడునది సందులయొద్ద. దోమకు వాకిలి అక్కరలేదు. బద్దకును గోడకును నడుమ చిన్న బీట చాలును. పెంకుటింటి వసారాకు మూడు ప్రక్కల ఖరీదైన జాలీ వేసి చూరుసందులు విడిచినచో ఆ ఖర్చంతయు వృథా. దూలముల మట్టమున చవక నైలాను వలను చాందినీవలె అడ్డముగా కట్టినచో ఆ బాధ తీరును. అచ్చట ఎండ తగులదు గావున నైలానే చాలును. నీరు పోవు తూమునకు జాలీ ముక్క బిగింపవలెను. తలుపు వెలుపలికి తెరచుకొనవలెను. లోపలికి తెరచుకొన్నచో దానిపై వ్రాలిన దోమలు మనతోపాటు లోనికి వచ్చును. దానంతట అది మూసికొనుటకు స్ప్రింగును, అడుగున రబ్బరు పట్టీయు అమర్చవలెను. పెరటి తలుపు తెరచియుంచినచో దోమలు ఇంటిగుండా వసారాలోనికే చేరును గనుక, ఆ తలుపునకును జాలీ వేయుటయో, సంధ్యవేళ మూయుటయో జరుగవలెను.

మలేరియా, బోదకాలు వ్యాపింపజేయు దోమలు ప్రధానముగా రాత్రివేళ కుట్టును. డెంగీ దోమ పగటిపూట కుట్టును. కావున వసారా తలుపు పగలు సైతము మూసియుంచుట అవసరము. లోపల పూలకుండీల పళ్లెములలోను, తొట్లలోను నీరు నిలిచినచో దోమలు అచ్చటనే పుట్టి, వెలుపలికి పోవు దారిలేక మననే కుట్టును. వారమునకొకసారి వానిని పారబోసి ఆరబెట్టవలెను. జాలీపై పేరుకొనిన దుమ్మును మెత్తని గుడ్డతోను నీటితోను కడిగినచో గాలి తగ్గదు.

చేత సొమ్ము చాలనివారు మొత్తము పనిని ఒకేసారి తలపెట్టనక్కరలేదు. గుంజలు పాత కలపతో నిలుపవచ్చును. రంగులు మరుసటి యేట వేయించుకొనవచ్చును. కాని తలుపు, చూరు, అంచులు—ఈ మూటియందు మాత్రము పొదుపు పనికిరాదని మా మనవి. వెలగల జాలీకి సందు విడిచిన వసారాకంటె చవక జాలీకి సందులేని వసారాయే ఆ ఇంటి పసిబిడ్డకు హాయిగా నిద్రపట్టించును.