టర్బో విప్పేముందు గీత ఎందుకు?

కారు టర్బోచార్జర్‌ను బాగుచేసే మెకానిక్ దాని చక్రం విప్పడానికి ముందు పానా పట్టడు, గీత గీస్తాడు. షాఫ్టు కొన, కంప్రెసర్ చక్రం, నట్టు... మూడింటి మీదుగా ఒకే గీత. ఎందుకు?

ఆ షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో ఒకవైపు రవ్వంత బరువు ఎక్కువైనా వణుకు పుట్టి బేరింగులు అరిగిపోతాయి. అందుకే తూకం సరిచేసినప్పుడు ఏ భాగం ఎలా ఉందో, మళ్లీ అలాగే కూర్చోవాలి.

నట్టు దగ్గర ఇంకో చిత్రం. చాలా టర్బోల్లో దానికి ఎడమ మర ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది, బలవంతం చేస్తే షాఫ్టే విరగొచ్చు! చక్రం తిరిగే ఊపుకు నట్టు దానంతటది వదులు కాకూడదనే ఈ ఏర్పాటు.

బేరింగుల్లో షాఫ్టును తేల్చి ఉంచేది పల్చటి ఆయిల్ పొర. ఆయిల్ వచ్చే దారిలో మడ్డి గడ్డకడితే కొత్త బేరింగులూ త్వరగా పాడవుతాయి. ఆ దారి శుభ్రం చేయకుండా టర్బో బిగించకూడదు.