చెరువు నీటిలో పురుగుమందు – ఎంజైములకు కలుగు హాని

స్ప్రేయరు కడిగిన నీటిని చెరువులోనికో కాలువలోనికో పారబోయుట పలుచోట్ల చూచుచుందుము. మరునాడు చేపలు చచ్చి తేలకున్న, నీరు చెడలేదని తలంతుము. ఇది పొరపాటు. ఎట్లనగా:

జీవుల శరీరములో జరుగు మార్పులను త్వరపరచు మాంసకృత్తులే ఎంజైములు. వీనిలో ఎసిటైల్‌కోలినెస్టరేజు అనునది నరములకు సంబంధించినది. నరము ఎసిటైల్‌కోలిన్ అను పదార్థమును విడుదల చేయగా కండరము బిగియును. వెంటనే ఈ ఎంజైము ఆ పదార్థమును విరుగగొట్టును, కండరము సడలును. ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేలకొలది ఎసిటైల్‌కోలిన్ అణువులను విరుగగొట్టగలదు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గనోఫాస్ఫేటు మందులు శరీరములో ప్రవేశించి, తాళపు రంధ్రములో పుల్ల విరిగినట్లు, ఈ ఎంజైము పనిని ఆపివేయును. అపుడు ఎసిటైల్‌కోలిన్ పేరుకొని కండరములు వణకును. విషము హెచ్చైనచో ఊపిరి ఆగును. పురుగులకే గాక చేపలకు, పశువులకు, మనకును ఈ ఎంజైము అవసరమే.

కార్బమేటు జాతి మందుల పట్టు సాధారణముగా కొన్ని గంటలలో సడలును. ఆర్గనోఫాస్ఫేటుల పట్టు అంత సులభముగా వదలదు. నీటిలోని మందు విరిగిపోయినను, చేప మెదడులో ఎంజైము మరల మామూలు స్థితికి వచ్చుటకు వారములు పట్టవచ్చును. ఈలోగా మరియొకరు స్ప్రేయరు కడిగినచో, మిగిలిన ఎంజైము కూడ తగ్గును. నలుగురు రైతులు వేరువేరు దినములలో వదలిన కొద్దిపాటి మందు చేప శరీరములో ఒకే లెక్కలోనికి వచ్చునన్నమాట. అట్టి చేప చావకున్నను సరిగా ఈదలేదు, మేత తినదు, ఎదగదు.

కావున రైతులు ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను:

1. ఖాళీ డబ్బాను 3 సార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి పైరుపై చల్లవలెను.
2. చెరువులో, కాలువలో, బావి గట్టున స్ప్రేయరు కడుగరాదు.
3. మందు చల్లిన మడి నీటిని కొన్ని దినములు బయటకు వదలరాదు. వాన వచ్చు సూచన ఉన్న మందు చల్లరాదు.
4. ఫోరేట్, ట్రయజోఫాస్ 2020 డిసెంబరు 31 నుండి మన దేశమున నిషేధింపబడినవి. పాత నిల్వలున్నను వాడరాదు.

మందు చల్లువారికి చొంగ కారుట, చెమటలు, వాంతులు, చూపు మసకబారుట, కండరములు అదురుట కనిపించినచో పని ఆపించి, విషము తగిలిన బట్టలు తీసివేసి, ఒడలు సబ్బుతో కడిగి, మందు డబ్బాపై చీటీతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అట్రోపిన్ మొదలగు విరుగుడులు అచ్చట వైద్యుడు ఇచ్చును. కోలుకొనిన పిదప వైద్యుడు అనుమతించు వరకు మరల మందు చల్లరాదు. చేపకువలెనే మనిషికిని ఎంజైము కూడుకొనుటకు వ్యవధి కావలెను.