నొప్పి అందరికుంటదని ఆ పిల్ల నోరు మూయించకుండ్రి

మా అక్క బిడ్డకు 16 ఏండ్లప్పుడు మొదలైంది. నెలనెలా మూడు దినాలు మంచం దిగకపోయేది. ‘ఆడపుట్టుక పుట్టినంక గింత నొప్పి ఉండదా? పెండ్లయితే సర్దుకుంటది’ అన్నరు ఇంట్ల. అన్నోళ్లల్ల నేను సుత ఉన్న. పెండ్లయింది, నొప్పి పోలే. స్కానింగుల ఏం లేదన్నరు, టెన్షన్ అన్నరు. ఆఖరికి ల్యాపరోస్కోపీ చేస్తే తేలింది, ఎండోమెట్రియోసిస్ అని. అప్పటికి 9 ఏండ్లు గడిచినయి.

నేను డాక్టర్‌ను గాదు. తప్పు మాట అన్నదాన్ని గనుక, దొరికిందల్లా సదివిన. అర్థమైంది చెప్తున్న.

గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద పెరుగుడే ఈ జబ్బు. నెలసరి వచ్చే వయసుల ప్రతి 10 మందిల ఒకరికి, ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మందికి ఉందని డబ్ల్యూహెచ్‌వో అంచనా.

హార్మోన్ ఒక తాళంచెవి అనుకోండ్రి. కణంల ఉండే రిసెప్టర్ తాళం. రెండూ కలిస్తేనే పని మొదలైతది. ఈస్ట్రోజన్ పొరను పెంచుతది, ప్రొజెస్టరాన్ ‘ఇగ చాలు’ అని ఆపుతది. ఈస్ట్రోజన్‌కు ఆల్ఫా, బీటా అని రెండు తాళాలు. గర్భసంచి పొరల ఆల్ఫాదే పెత్తనం. బయటి పొరల బీటా మస్తుగ పెరుగుతది, ప్రొజెస్టరాన్ తాళాలు తగ్గిపోతయి. ఆపే హార్మోన్ వచ్చినా దాని మాట చెల్లదు. దీన్నే ప్రొజెస్టరాన్ రెసిస్టెన్స్ అంటరు.

పైంగ ఆ పొర అరోమటేజ్ అనే ఎంజైముతోని సొంతంగ ఈస్ట్రోజన్ తయారు చేసుకుంటది. ఆ ఈస్ట్రోజన్, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను పెంచుతది. అవి మళ్ల అరోమటేజ్‌ను ఎగదోస్తయి. గానుగెద్దు తిరిగినట్టే.

గందుకే డైనోజెస్ట్ లాంటి ప్రొజెస్టరాన్ తీరు గోళీలు చాలామందికి పని చేస్తయి, కొందరికి చెయ్యయి. చెయ్యకపోతే ఆమె నాటకమాడుతున్నట్టు గాదు, ఆమె తాళాలు తక్కువ ఉండొచ్చు. అండాశయాల ఈస్ట్రోజన్‌నే తగ్గించే మందులు వేరే ఉన్నయి. కానీ అవి ఎముకలను పల్చగ చేస్తయి, డాక్టర్ కనిపెట్టుకుంట ఉండాలె.

ఇగ నా అసలు భయం చెప్త. గర్భసంచి ఆపరేషన్లల్ల తెలంగాణ, ఆంధ్ర దేశంలనే ముందు వరుసల ఉన్నయని నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వేలు చెప్తున్నయి. కడుపునొప్పి అనంగనే ‘తీసేద్దాం’ అనే మాట ఊర్లల్ల మామూలైంది. మరి గర్భసంచి తీస్తే పేగుల మీది పొర పోతదా? దాని తాళాలు దానికుంటయి, అండాశయాలు ఉంటే ఈస్ట్రోజన్ వస్తనే ఉంటది, నొప్పి మళ్ల రావొచ్చు. సంతకం పెట్టే ముందు అడుగుండ్రి: ‘నొప్పి ఎక్కడి నుంచి? బయటి పొరను ఏం జేస్తరు? మందులు వాడి చూసినమా?’ ఇంకో డాక్టర్ దగ్గరికి పోవుడు తప్పు గాదు.

టీచరమ్మలకు, ఆశా అక్కలకు ఒక్క మాట. నెలనెలా బడి మానేసే పిల్లను ‘అందరికుంటది’ అని తిప్పి పంపకుండ్రి. ఆ మాటకు మా బిడ్డ 9 ఏండ్లు కట్టింది.