బొమ్మే లేని ఆట ఎలా నడిచేది?

1970ల్లో చాలా కంప్యూటర్లు జవాబును కాగితం మీద అక్షరాలుగా కొట్టి ఇచ్చేవి. బొమ్మలు చూపే వీలు లేదు. అందుకే సాహసాల ఆటలు మాటలతోనే పుట్టాయి.

విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కు గుహల్లో తిరగడమంటే ప్రాణం. అమెరికాలోని కెంటకీలో ఉన్న మామత్ గుహను కొలిచి పటాలు గీసినవాళ్లలో ఆయనొకడు. 1975-76లో తన ఇద్దరు కూతుళ్ల కోసం ఆ గుహనే 'అడ్వెంచర్' అనే ఆటగా రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు.

లోపల ఏం జరిగేది? ప్రతి చోటుకూ ఒక అంకె, ఒక వర్ణన, ఎటు పోతే ఏ చోటు వస్తుందో చెప్పే పట్టిక ఉండేవి. మన చంద్రగిరి కోటనే తీసుకోండి. రాజమహల్ 1, రాణీమహల్ 2 అనుకుందాం. 'రాణీమహల్‌కు పో' అని టైప్ చేస్తే, కంప్యూటర్ ఆ మాటల్ని పట్టికలో వెతికి మీ అంకెను 1 నుంచి 2కు మారుస్తుంది, కొత్త వర్ణన చూపిస్తుంది. 'దీపం తీసుకో' అంటే దీపం ఉన్నచోటు 'ఆటగాడి చేయి' అవుతుంది. ఇంత చిన్న ఏర్పాటుతోనే చీకటి గుహలో నిలబడ్డట్టు అనిపించడం నిజంగా గొప్ప విషయం.

ఈసారి కోటకు వెళ్లినప్పుడు చోట్లూ దారులూ నోటుపుస్తకంలో రాసుకోండి. మీ ఆటకు పటం సిద్ధమవుతుంది.