చేపు వచ్చే వేళకు చోటేది?

బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలునని, మంచినీళ్లు కూడా పట్టనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో 26 వారాల సెలవు తెచ్చింది. రెండు లెక్కలూ సరిపోయినట్టే కనిపిస్తాయి. కానీ కాన్పుకు ముందే అందులో 8 వారాలు వాడుకున్న తల్లికి మిగిలేది 18 వారాలే. నాలుగు నెలలు దాటగానే ఆమె ఉద్యోగానికి వెళ్లాలి. బిడ్డకు మాత్రం ఇంకా దాదాపు రెండు నెలలు పాలే ఆహారం. ఆ వెలితిని పూడ్చడానికే పాలు తీసే పంపు ఇళ్లలోకి వచ్చింది. అది మంచి పనిముట్టే. అయితే పంపు కొనివ్వడంతో మన బాధ్యత తీరిపోదు. పాలు తీసుకోవడానికి తల్లికి వేళ దొరకాలి, చోటు దొరకాలి, తీసిన పాల మీద ఇంటివాళ్లకు నమ్మకం ఉండాలి. ఈ మూడూ లేకుంటే పంపు అలమారలో మూలుగుతుంది, ఇంట్లోకి డబ్బా పాలు వస్తాయి.

ముందు వేళ సంగతి. దూడను విడవందే ఆవు చేపదని పాడి ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు. తల్లి విషయంలోనూ జరిగేది దాదాపు అదే. బిడ్డ చప్పరిస్తుంటే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేస్తుంది, ఆక్సిటోసిన్ వాటిని చేపుకు తెస్తుంది. నొప్పి, ఆందోళన, ఎవరైనా వచ్చేస్తారేమోనన్న భయం ఈ చేపును అడ్డుకుంటాయి. పైగా తీయని పాలు రొమ్ములో నిండిపోయి ఉంటే, ఇక తయారీ తగ్గించమని శరీరం తనకు తానే చెప్పుకుంటుంది. పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరుకు వచ్చే తల్లి మధ్యలో పాలు తీయకపోతే రొమ్ము రాయిలా గట్టిపడుతుంది, గడ్డలు కడుతుంది, ఒక్కోసారి చీము పట్టి జ్వరం కూడా వస్తుంది. కొన్నాళ్లకు పాలూ తగ్గిపోతాయి. కాబట్టి పాలు తీయడమంటే సీసా నింపడమే కాదు, రేపటి పాలను కాపాడుకోవడం. బిడ్డ తాగే వేళలకు దగ్గరగా, మూడు నాలుగు గంటలకోసారి, ఇరవై నిమిషాలు నిమ్మళంగా కూర్చునే వీలు ఉండాలి.

చట్టం ఈ అవసరాన్ని సగం గుర్తించింది. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి మూల చట్టంలోనే ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని 2017 సవరణ చేర్చింది. ఇవన్నీ బిడ్డ దగ్గర్లోనే ఉంటుందన్న ఊహ మీద నిలిచినవి. బిడ్డ కూకట్‌పల్లిలో అమ్మమ్మ దగ్గర, తల్లి మాదాపూర్ ఆఫీసులో ఉన్నప్పుడు ఆ విరామం పాలు తీసుకోవడానికే పనికిరావాలి. లేదంటే ఆమెకు మిగిలేది మరుగుదొడ్డి. మనం అన్నం తినడానికి ఒప్పుకోని చోట బిడ్డ ఆహారాన్ని సిద్ధం చేయమనడం అన్యాయం.

ఇంట్లో పెద్దల అభ్యంతరం వేరు: పిండిన పాలు నిలవైతే సారం పోతుందని, విరిగిపోతాయని. ఈ భయం ప్రేమలోంచి వచ్చిందే, కాబట్టి ఓపిగ్గా జవాబు చెప్పాలి. శుభ్రంగా తీసిన పాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా బాగుంటాయి. మన ఎండాకాలంలో గది లెక్కను నమ్ముకోకుండా వెంటనే ఫ్రిజ్‌లోకో ఐసు సంచిలోకో చేర్చాలి. పైన మీగడలా తేలితే అవి విరిగినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. ఆ పాలను కాచకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేస్తే చాలు. చల్లదనానికి రోగాలతో పోరాడే జీవకణాలు కొన్ని తగ్గే మాట నిజమే. అయినా డబ్బా పాలలో అవి అసలే ఉండవు. తీసిన పాలు పనికిరానివైతే నెలలు నిండని పసికందుల కోసం ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989లో తల్లిపాల బ్యాంకు పెట్టేవారే కాదు. ఇక పట్టడానికి సీసానే కావాలనేమీ లేదు. తరతరాలుగా మన ఇళ్లలో ఉన్న ఉగ్గుగిన్నె ఈ పనికి చక్కగా సరిపోతుంది, కడగడమూ తేలిక.

పంపు ఉన్నప్పుడు అంత సెలవు ఎందుకని అడిగేవాళ్లు అమెరికాను చూడాలి. అక్కడ దేశవ్యాప్తంగా జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేదు. 1993 చట్టం ఇచ్చేది, అదీ అర్హత ఉన్నవాళ్లకే, జీతం లేని 12 వారాలు. అందుకే అక్కడి తల్లులు, మన తెలుగు ఆడపిల్లలతో సహా, పంపు మీద అంతగా ఆధారపడవలసి వస్తోంది. అది సౌకర్యం కాదు, గత్యంతరం లేకపోవడం. పంపు బిడ్డంత నేర్పుగా పాలు తీయలేదు, తల్లి ఒడిని ఇవ్వలేదు. సెలవును తగ్గించడానికి దాన్ని సాకు చేయకూడదు. అయితే అక్కడినుంచి నేర్చుకోవలసిందీ ఉంది. పాలు తీసుకునే చోటు మరుగుదొడ్డి కాకూడదని, ఇతరుల కంట పడనిదై ఉండాలని వాళ్ల చట్టం స్పష్టంగా రాసింది. 2022లో ఆ రక్షణను మరింతమంది ఉద్యోగినులకు విస్తరించారు.

ఇదంతా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల గొడవ, కూలికి వెళ్లే తల్లి మాటేమిటని ఎవరైనా అడిగితే, అది అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న. ఆమెకు పంపు అక్కర్లేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున వేళ్లు ఆనించి, వెనక్కి నొక్కి ముందుకు పిండితే పైసా ఖర్చు లేకుండా పాలు వస్తాయి. కాన్పయిన ఆసుపత్రిలోనే ప్రతి బాలింతకూ ఈ విద్య నేర్పాలి. కానీ చేత్తో తీసినా వేళ, చోటు కావలసిందే. లోపల గడియ ఉన్న చిన్న గది, ఒక కుర్చీ, చేతులు కడుక్కునే కుళాయి, పాలు పెట్టుకునే చల్లని చోటు, అరగంట వ్యవధి: ఏ సంస్థకైనా ఇది మోయలేని ఖర్చు కాదు. పాలు తల్లి ఇస్తుంది. ఆ గదీ ఆ అరగంటా ఇవ్వవలసింది మనం.