పాత పత్రిక – ఇంటి చరిత్ర

పాఠ్యభాగ ఉద్దేశం: తమ కుటుంబ చరిత్రను, తాము నివసించే ప్రాంత చరిత్రను తెలుసుకోవడానికి పాత వార్తాపత్రికలు ఎట్లా తోడ్పడతాయో, వాటిలోని సమాచారాన్ని ఏ విధంగా పరీక్షించుకోవాలో విద్యార్థులకు తెలియజేయడం.

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, కోటలు మన మనస్సులో మెదలుతాయి. శాసనాలు వేయించినవారికి చరిత్ర ఉన్నది. మరి ఆ శాసనపు రాయిని మోసినవారికి చరిత్ర లేదా? తప్పక ఉన్నది. అయితే అది ఒకచోట రాసిపెట్టి లేదు. పెద్దల జ్ఞాపకాలలో, పెట్టెల అడుగున దాచిన దస్తావేజులలో, పాత వార్తాపత్రికల పుటలలో చెల్లాచెదురుగా ఉన్నది. ఉదయం చదివి సాయంత్రానికి పొట్లం కట్టే కాగితమే యాభై ఏళ్ళు గడిచాక ఒక ఇంటికి, ఒక వీధికి, ఒక వృత్తివారికి సాక్ష్యంగా నిలుస్తుంది.

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకొందాం. నేడు సినిమా రంగానికి మారుపేరుగా వినిపించే ఈ గుట్టలు 1960ల నాటికి చాలావరకు రాళ్ళూ తుప్పలూ నిండిన చోట్లు. ఆ దశకంలో సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా జూబ్లీహిల్స్ కాలనీ రూపుదిద్దుకోసాగింది. అప్పటికి తెలుగు చిత్రాలలో అధిక భాగం మద్రాసులోనే తయారయ్యేవి. అమీర్‌పేట ప్రాంతంలోని సారథీ స్టూడియోలో నిర్మించిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలై, హైదరాబాదులోనూ చిత్రాలు తీయవచ్చునని నిరూపించింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. 1980లలో కృష్ణ పద్మాలయ స్టూడియోను, డి. రామానాయుడు తమ పేరిట మరొక స్టూడియోను నెలకొల్పారు. స్టూడియో వెంట నటీనటులు మాత్రమే రాలేదు. లైట్‌మెన్, వడ్రంగులు, దర్జీలు, మేకప్ కళాకారులు, వంటవారు, డ్రైవర్లు తమ కుటుంబాలతో తరలివచ్చారు. ఆ కట్టడాలకు రాయి కొట్టిన కూలీలు వేర్వేరు జిల్లాల నుండి వచ్చి గుట్టల పక్క బస్తీలలో స్థిరపడ్డారు.

ఇట్లా వలస వచ్చిన కుటుంబాలకు ఇక్కడ తాతముత్తాతల నాటి కరణం లెక్కలుగాని, ఊరి కైఫియత్తుగాని ఉండదు. ఇక్కడి వారి చరిత్ర అరవై ఏళ్ళలోపుది. కాని ఈ అరవై ఏళ్ళలో ప్రతి ఉదయం ఈ నగరంలో పత్రికలు అచ్చయ్యాయి. అందువల్ల ఇటువంటి ప్రాంతపు చరిత్రను తెలుసుకోవాలనుకొనే విద్యార్థి మొదట తట్టవలసిన తలుపులలో పాత పత్రిక ఒకటి.

జ్ఞాపకం నుండి తేదీకి

మన పెద్దలు గతాన్ని తేదీలతో గుర్తుంచుకోరు; సంఘటనలతో గుర్తుంచుకొంటారు. “పోలీసు చర్య నాటికి నేను చంటిపిల్లను”, “దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు మా పెళ్ళయింది”, “పట్టపగలే చీకటి పడిన గ్రహణం తర్వాత మీ నాన్న పుట్టాడు” అని చెబుతారు. ఈ మాటలను అస్పష్టమైనవిగా కొట్టివేయరాదు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. ఆ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16న ఏర్పడింది. జ్ఞాపకం ఆనవాలును ఇస్తుంది; పత్రిక ఆ ఆనవాలుకు తేదీని ఇస్తుంది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో గాని రాలేదు. అంతకుముందు ఇళ్ళలో పుట్టిన ఎందరికో పుట్టిన తేదీ ఇట్లా లెక్కకట్టుకోవలసినదే.

ఒక విద్యార్థిని తాతగారు స్టూడియోలో లైట్‌మన్‌గా పనిచేశారనుకొందాం. “అన్నపూర్ణ స్టూడియో తెరిచిన కొత్తలో మద్రాసు నుండి వచ్చాం. నేను ఇక్కడ పనిచేసిన మొదటి సినిమా వందరోజులు ఆడింది” అని ఆయన చెప్పారు. ఆయన మాటలో రెండు ఆనవాళ్ళున్నాయి. స్టూడియో ప్రారంభమైన 1976 నాటి పత్రికలు మొదటి ఆధారం. ఆ చిత్రం విడుదల ప్రకటన, శతదినోత్సవ ప్రకటన రెండవ ఆధారం. ఈ రెండింటి నడుమ ఆ కుటుంబం నగరానికి వచ్చిన కాలం ఇంచుమించుగా తేలుతుంది. తాతగారి పేరు పత్రికలో ఎక్కడా కనిపించకపోయినా ఆయన జీవితానికి కాలనిర్ణయం జరిగినట్లే.

ఒక తేదీ మారిన వృత్తాంతం

పాత పత్రికలను పరిశీలించడం వల్ల కుటుంబ చరిత్రే కాదు, ఒక పరిశ్రమ చరిత్ర సైతం మారవచ్చు. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఇది 1931 సెప్టెంబరు 15న విడుదలయిందని దశాబ్దాలపాటు పుస్తకాలు చెప్పాయి. ఒకరు రాసినదానిని మరొకరు ఉదాహరించడంతో ఆ తేదీ స్థిరపడిపోయింది. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు వివరాలను వెలికితీసి పరిశీలించారు. ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు అనుమతి లభించిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో విడుదలయిందనీ వెల్లడించారు. అనుమతి లభించకముందే చిత్రం విడుదలయ్యే అవకాశం లేదు కదా!

ఈ మార్పు చిన్నదేమీ కాదు. తమిళం, తెలుగు సంభాషణలతో 1931 అక్టోబరు 31న వచ్చిన ‘కాళిదాస్’కు ముందుదని భావించిన ‘భక్త ప్రహ్లాద’ నిజానికి దాని తరువాతిదని తేలింది. తెలుగు సినిమా పుట్టినరోజే మారింది. ఫిలింనగర్‌లోని తెలుగు ఫిలిం చాంబర్ సైతం ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా స్వీకరించింది. పదిమందీ చెప్పినంత మాత్రాన తేదీ నిజం కాదనీ, మూలాన్ని చూడాలనీ ఈ వృత్తాంతం నేర్పుతుంది.

ఎక్కడ, ఏమి వెదకాలి?

మొదటి పుటలోని పెద్ద వార్తలలో మన ఇంటివారు కనిపించడం అరుదు. లోపలి పుటలను చూడాలి. పరీక్షా ఫలితాలలోని హాల్‌టికెట్ నంబర్లు, శ్రద్ధాంజలి ప్రకటనలు, పేరు మార్పు ప్రకటనలు, తప్పిపోయినవారి వివరాలు, స్థలాల కొనుగోలుకు న్యాయవాదులు ఇచ్చే బహిరంగ ప్రకటనలు, ఆనాటి బియ్యం, బంగారం ధరలు – ఇవన్నీ కుటుంబ చరిత్రకు ముడిసరుకులే. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలను ఆరంభించిన తరువాత వీధి, కాలనీ, బస్తీ వార్తలకు పత్రికలలో చోటు పెరిగింది. కనుక ఆ తరువాతి కాలానికి ప్రధాన సంచికతోపాటు అనుబంధాన్ని కూడా అడిగి చూడాలి.

ఏ కాలంలో ఏ పత్రిక ఉండేదో తెలిసి ఉండడం అవసరం. 1902లో మచిలీపట్నంలో ‘కృష్ణా పత్రిక’ మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువడింది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ను నెలకొల్పారు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా ఆయన ఈ పత్రిక ద్వారా కోరి, ఊరూరి నుండి రచనలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఒక సమాజం తన చరిత్రను తానే కూర్చుకోవడానికి పత్రిక సాధనం కాగలదని చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ ఉండదు. హైదరాబాదు పాత కుటుంబాల సంగతులకు 1949లో మొదలైన ‘సియాసత్’ వంటి ఉర్దూ పత్రికలను కూడా చూడవలసి ఉంటుంది.

ఈ సంచికలు గ్రంథాలయాలలో దొరుకుతాయి. హైదరాబాదులో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. ప్రెస్ అకాడమీ కూడా పాత తెలుగు పత్రికల పుటలను అంతర్జాలంలో ఉంచింది. అయితే అవి పుటల ఛాయాచిత్రాలు. పేరు టైపు చేసి వెదికితే దొరకవు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నిర్వహించే ‘ట్రోవ్’లో యంత్రం చదివిన పాఠంలోని తప్పులను పాఠకులే సరిదిద్దుతారు, అందువల్ల అక్కడ పేరుతో వెదకవచ్చు. మనం మాత్రం తేదీతో వెదకాలి. అందుకే ముందు పెద్దలను అడగడం, తరువాత పత్రికను తెరవడం సరియైన క్రమం.

పాత సంచికలలో కాలగణనను కూడా గమనించాలి. నిజాం కాలపు కాగితాలలో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలిపితే క్రీస్తుశకం ఇంచుమించుగా వస్తుంది. ప్రభవాది సంవత్సరాలు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. ‘ప్రజోత్పత్తి’ అంటే 1931–32 కావచ్చు, 1991–92 కూడా కావచ్చు. సందర్భాన్నిబట్టి నిర్ణయించాలి.

సాక్ష్యాన్ని పరీక్షించడం

అచ్చయినదంతా నిజమని నమ్మరాదు. “ఫలానా తేదీన విడుదల” అన్న ప్రకటన ఒక సంకల్పాన్ని మాత్రమే తెలుపుతుంది. ఆ విడుదల వాయిదా పడి ఉండవచ్చు. “విజయవంతమైన రెండవ వారం” అన్న ప్రకటన దొరికితే ఆధారం బలపడుతుంది. రాత్రి జరిగిన సంఘటన మరునాటి పత్రికలో వస్తుంది; దూరప్రాంతపు సంచికలో ఇంకొక రోజు ఆలస్యం కావచ్చు. కాబట్టి పత్రిక తేదీని సంఘటన తేదీగా భావించరాదు.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే పేరు గలవారు పలువురు ఉంటారు. స్త్రీల పేర్లు “ఫలానావారి సతీమణి” అన్న మాట వెనుక మరుగునపడి ఉంటాయి. స్థలాల పేర్లు సైతం జూబిలీహిల్స్ అనీ, జూబ్లీహిల్స్ అనీ పలురీతుల అచ్చయ్యాయి. అందువల్ల పత్రికలో దొరికిన విషయాన్ని మరొక పత్రికతోనో, బడి ధ్రువపత్రంతోనో, రిజిస్ట్రేషన్ దస్తావేజుతోనో పోల్చుకోవాలి. రాసుకొనేటప్పుడు పత్రిక పేరు, తేదీ, సంచిక, పుట, కాలమ్ విధిగా గుర్తించాలి. ఆ వివరాలు లేని కత్తిరింపు తల లేని విగ్రహం వంటిది.

పత్రికకు ఎక్కనివారు

పత్రికలో పేరు ఎక్కే అవకాశం అందరికీ సమానంగా లేదు. స్టూడియో ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించిన ప్రముఖుని ఛాయాచిత్రం అచ్చవుతుంది; ఆ స్టూడియో పునాది తవ్వినవారి పేర్లు అచ్చుకావు. బస్తీవాసులు అగ్నిప్రమాదం జరిగినప్పుడో, గుడిసెలు తొలగించినప్పుడో, పట్టాలకోసం ధర్నా చేసినప్పుడో మాత్రమే వార్తలోకి వస్తారు. అటువంటి వార్తలనే చదివితే వారి జీవితమంతా ఆపదలే అనిపిస్తుంది. వారి పెళ్ళిళ్ళు, పండుగలు, పిల్లల చదువులు, పని నేర్పు వార్తలు కాలేదు. ఈ లోటును పూరించగలిగేది మౌఖిక చరిత్ర ఒక్కటే. పత్రికలోని తేదీని ముందుంచి “ఆ రోజు మీరు ఎక్కడున్నారు?” అని పెద్దలను అడిగితే అచ్చుకాని చరిత్ర బయటపడుతుంది. పత్రిక జ్ఞాపకాన్ని సరిదిద్దుతుంది. జ్ఞాపకం పత్రిక విడిచిపెట్టినదానిని పూరిస్తుంది.

కాపాడుకొందాం

వార్తాపత్రిక కాగితం ఎక్కువ కాలం నిలిచేందుకు తయారైనది కాదు. కలపగుజ్జులోని పదార్థాల వల్ల అది వెలుతురు, గాలి సోకితే పసుపుబారి, పెళుసై, ముట్టుకుంటే రాలిపోతుంది. ఇంట్లో పాత కత్తిరింపులుంటే వాటికి టేపు అంటించరాదు. మడతలు విప్పి, చదునుగా పరచి, ఫ్లాష్ లేకుండా ఛాయాచిత్రం తీసి, వెనుక వైపు పుటను కూడా భద్రపరచాలి. మనం కోరిన వార్త ఒకవైపు ఉంటే, మరొకరి కుటుంబ చరిత్ర రెండవ వైపు ఉండవచ్చు!

కాగితం శిథిలమవుతున్నది, దానిని చదివి “ఇది నాకు తెలుసు” అని చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. రెండూ ఉన్నప్పుడే ఈ పని జరగాలి. ఇందుకు పెద్ద పరిశోధకులు కానక్కరలేదు. ఒక నోటుపుస్తకం, కొంత ఓపిక, అడగగల చనువు ఉన్న ప్రతి విద్యార్థీ తన ఇంటికి, తన వీధికి చరిత్రకారుడు కాగలడు.

అర్థాలు

కైఫియత్తు = గ్రామ చరిత్ర, వివరణ
దస్తావేజు = ఆస్తి హక్కును తెలిపే పత్రం
ఆనవాలు = గుర్తు
మౌఖిక = నోటిమాటగా చెప్పిన
సంకల్పం = చేయాలన్న నిశ్చయం

ప్రశ్నలు

1. ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీ ఎట్లా మారింది? దానివల్ల మనం గ్రహించవలసినదేమిటి?
2. “పత్రిక జ్ఞాపకాన్ని సరిదిద్దుతుంది; జ్ఞాపకం పత్రిక విడిచిపెట్టినదానిని పూరిస్తుంది” – వివరించండి.
3. మీ ఇంటిలోని పెద్దలు చెప్పిన ఒక సంఘటనను ఎంచుకొని, గ్రంథాలయంలోని పాత పత్రిక ఆధారంగా దాని తేదీని నిర్ణయించి ఒక పుటకు మించకుండా రాయండి.